విక్టోరియక్క చెరువు

మడికొండలో కొత్త ఇళ్ళ మధ్య కట్టిన కొలనులో తాంబాళాల్లాంటి ఆకులు తేలుతున్నాయి. పక్కన బోర్డు మీద ‘విక్టోరియా కలువ’ అని రాసి ఉంది. నాకు స్పిరిట్ వాసన గుర్తొచ్చింది.

చిన్నప్పుడు హనుమకొండలో మా ఇంట్లో కిరాయికుండే నర్సు పేరు విక్టోరియా. ఆమె చీరకు ఎప్పుడూ ఆ వాసనే. సోషల్ పుస్తకంలో ఆఫ్రికా పటం మీద విక్టోరియా సరస్సు కనిపిస్తే నేనేమీ ఆశ్చర్యపోలేదు. నర్సంపేట దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో చెరువును తవ్వించినవాళ్ళ పేరుతోనే పిలుస్తారు. ఇది కూడా అక్క పేరిట వాళ్ళ తాత తవ్వించి ఉంటాడనుకున్నాను.

ఆ ఎండాకాలం గల్లీలో నల్లాలు బందయ్యాయి. బడి నుంచి వస్తుంటే అక్క ట్యాంకర్ దగ్గర బిందెతో నిలబడి ఉంది. పుస్తకం తీసి చూపించాను.

“గింత పెద్ద చెరువు పెట్టుకొని ఈడ లైన్ల ఎందుకున్నవక్కా?”

అక్క పటాన్ని చూసి నవ్వింది. “అది నాది కాదు బిడ్డా, ఇంగ్లండు రాణిది. ఆ రాణి పేరే మా నాయనమ్మ నాకు పెట్టిచ్చింది.”

“రాణి తవ్విచ్చిందా?”

“లేదు. అది ఎప్పటిసందో ఉన్నదే.”

“మరి ఆమె పేరెందుకు?”

“ఏమో బిడ్డా, మీ సార్‌నడుగు.”

ఆ పేరుకు లాటిన్‌లో విజయమని అర్థమని, అదే పేరు ఒక జలపాతానికీ ఒక రాష్ట్రానికీ కూడా ఉందని తర్వాత చదివాను. రాణి మాత్రం ఆ సరస్సును ఒక్కసారీ చూడలేదు.

ఆ పూట మా ఇంటి వంతు రాకముందే ట్యాంకర్ ఖాళీ అయింది. అక్క అప్పటికే నింపుకున్న తన బిందెలో సగం ఇంటికొచ్చి మా కుండలో వంచింది. చాలా రోజులు నేను వాటిని విక్టోరియా నీళ్ళనే అన్నాను.