చుక్కలాయన గ్లాసు

మా మావయ్యని బారులో అందరూ చుక్కలాయన అనేవాళ్లు. అసలు పేరు ఆయన జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా నేను చూడలేదు. ముప్పయ్యొక్క ఏళ్లు ఒకే కౌంటరు వెనక నిలబడ్డాడు. ఎదురుగా ఊరంతా తాగుతుంటే తను మాత్రం మంచినీళ్లు తాగేవాడు. ఇంతమందిలో తాగని మనిషి ఒకడుండాలి కదమ్మా, లేకపోతే తలుపులు ఎవడు వేస్తాడు అనేవాడు.

ఆయన చేతి పానీయం ఒక్కటే. ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే పాతకాలపు కాక్‌టెయిల్. మిగతా ఊళ్లలో దాన్ని విస్కీతో చేస్తారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మా దగ్గర బ్రాందీతో చేస్తారు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు, ఒక్కటీ నమ్మేలా ఉండదు. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా విస్కీ పొయ్యమంటే మావయ్య కోప్పడేవాడు కాదు. ఒంట్లో బాగానే ఉందా అని అడిగేవాడు.

అడుగు మందంగా ఉండే పొట్టి గ్లాసు తీసుకుంటాడు. అందులో పంచదార బిళ్ల వేస్తాడు. దాని మీద బిట్టర్స్ అనే చేదు చుక్కలు ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతూ రాలుస్తాడు. చుక్కలాయన అనే పేరు అందుకే వచ్చింది. తర్వాత కమలాపండు ముక్క, చెర్రీ వేసి చిన్న చెక్క రోకలితో అదుముతాడు. రసం దిగాలి గానీ తొక్క చితకకూడదు. ఆ పైన ఐసు, బ్రాందీ, అన్నిటికన్నా ఆఖరున సోడా. సోడా ముందు పోసి దాని మీద బ్రాందీ పోసేవాడిని మావయ్య మనిషి కిందే జమకట్టేవాడు కాదు.

చేసేది ఒక్కటే అయినా ఏ ఇద్దరి గ్లాసూ ఒకలా ఉండేది కాదు. రిటైరైన పోస్టుమాస్టరుకి నాలుగు చుక్కలు, చెర్రీ వద్దు, ఆయన పళ్లు కట్టుడువి. బ్యాండులో బాకా ఊదే ఆయనకి కమలాపండు బదులు నిమ్మకాయ. ఇలా ఒక నూటయాభై మందివి మావయ్యకి కంఠతా వచ్చు. ఒక్క చుక్క మారితే మనిషి మారినట్టే అనేది ఆయన మాట. బారు కిటికీలోంచి ఎవరో ఒకరు రోడ్డు దాటుతూ కనబడగానే ఆయన చేతులు పని మొదలుపెట్టేవి. మనిషి వచ్చి స్టూలు లాక్కునేసరికి గ్లాసు సిద్ధంగా ఉండేది. ఎప్పుడైనా ఆ మనిషి లోపలికి రాకుండా వెళ్లిపోతే ఆ గ్లాసు పక్క స్టూలు మీదున్నవాడికి ఇచ్చేవాడు. తాగినవాడిదే గ్లాసు. అది ఆ బారు కట్టుబాటు.

నేను కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాను. మావయ్య వాళ్ల మేడ మీద గదిలో ఉంటాను. వాళ్లకి పిల్లల్లేరు, నాకు వంట రాదు, అందువల్ల ముగ్గురికీ బాగానే గడిచేది. నా నోట్లో నువ్వుగింజ నానదని అత్తయ్య అంటుంది. నిజమే, కాదనను. ఎవరింట్లో ఏం జరిగినా సాయంత్రానికి నా ద్వారా వీధి చివరికి చేరుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

బారున్న భవనం అమ్మేశారు. ఆఖరి రోజు అందరూ వెళ్లిపోయాక మావయ్య జీవితంలో మొదటిసారి తాగాడు. ఈ సంగతి అత్తయ్యకి చెప్పలేదు, నాకు చెప్పాడు. నాకు చెప్పాడంటే ఆయన మనసు ఎంత చెదిరిందో అర్థం చేసుకోవచ్చు.

పెళ్లికి ముందు ఒకసారి అత్తయ్య ఆయన్ని వెతుక్కుంటూ బారుకి వచ్చిందట. తాగని మనిషికి ఏమివ్వాలో తెలియక, చుక్కలు లేకుండా, చెర్రీలు రెండు వేసి, కమలాపండు అదిమి, ఒట్టి సోడా పోసి ఇచ్చాడట. ఆవిడ ఆ రెండు చెర్రీలూ తిని నవ్విందట. ఆఖరి రోజు ఖాళీ బారులో కూర్చుని ఆవిడని తలుచుకుంటూ అదే గ్లాసు మళ్లీ చేశాడు. సీసా అడుగున కాస్త బ్రాందీ మిగిలిపోయింది. పారబొయ్యడానికి మనసొప్పక దాన్ని సోడా మీదే పోసేశాడు. తప్పని తెలిసీ పోశాడు. తాగితే బాగుందట.

"అదేనమ్మా నా గ్లాసు" అన్నాడు నాతో. "ముప్పయ్యొక్క ఏళ్లకి తెలిసింది. మీ అత్తయ్యదీ నాదీ ఒకటే గ్లాసు. బ్రాందీ ఒక్కటే తేడా."

ఆ చలికాలం నుంచి ఇంట్లో చెయ్యడం మొదలుపెట్టాడు. సాయంత్రం అయిదింటికి. అప్పటికి వీధిలో వెలుతురు తగ్గిపోతుంది, దీపాలు ఇంకా వెలగవు. వంటింటి కిటికీ వీధిలోకే ఉంటుంది. దాని ముందు పొట్టి గ్లాసు, రోకలి, సీసాలు వరసగా పెట్టుకున్నాడు. అలవాటు పోదు కదా, చేసుకోనీ అన్నాం. కమలాపండు అదిమినప్పుడు ఇల్లంతా వాసన వస్తుంది. అత్తయ్యకి ఆ వాసన ఇష్టం. తాగేది మాత్రం పక్కింటి వడ్రంగి, గోడ మీదుగా అందుకుని.

ఒకరోజు అయిదింటికి మావయ్య నాతో ఏదో చెబుతూ మాట మధ్యలో ఆపేశాడు. కిటికీలోంచి వీధిలోకి చూశాడు. చేతులు పని మొదలుపెట్టాయి.

"వస్తున్నారు" అన్నాడు.

నేను తొంగి చూశాను. వీధిలో పిల్లి కూడా లేదు. ఎవరు మావయ్యా అని అడిగితే, తెలీదమ్మా, గ్లాసు పూర్తయితే తెలుస్తుంది అన్నాడు. చుక్కలు నాలుగు పడ్డాయి. చెర్రీ దగ్గరికి వెళ్లిన చెయ్యి వెనక్కి వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టాక మావయ్యే దాన్ని వింతగా చూసి, ఇది పోస్టుమాస్టరుది కదా అన్నాడు. అప్పుడు చూశాను, కిటికీ వైపున్న కుర్చీ బల్ల దగ్గర్నుంచి జానెడు వెనక్కి జరిగి ఉంది. అందాకా ముగ్గురిలో ఎవరమూ అక్కడ కూర్చోలేదు.

ఆ రోజు వడ్రంగి ఊళ్లో లేడు. గ్లాసు అలాగే ఉండిపోయింది. పొద్దున్నే కబురొచ్చింది, పోస్టుమాస్టరు నిద్రలోనే పోయారని.

కాకతాళీయం అనుకున్నాం. నేను దుకాణంలో ఈ సంగతి చెప్పి నలుగురి చేతా ఔరా అనిపించుకున్నాను కూడా. రెండు నెలలయ్యాక మళ్లీ అయిదింటికి మావయ్య మాట ఆగిపోయింది. ఈసారి పంచదార బిళ్ల మీద నిమ్మకాయ ముక్క పడింది. ఇంట్లో నిమ్మకాయ ఉందన్న సంగతే నాకు తెలీదు. కుర్చీ మళ్లీ వెనక్కి జరిగి ఉంది. మావయ్య ఆ గ్లాసు తీసుకెళ్లి సింకులో పారబోశాడు, కొళాయి తిప్పి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. బాకా ఊదే ఆయన మర్నాడు మధ్యాహ్నం మెట్ల మీంచి పడి చనిపోయాడు.

అప్పుడు మాత్రం కాకతాళీయం అనుకోలేకపోయాం. మావయ్య నన్ను పెరట్లోకి పిలిచి, ఇది అత్తయ్య చెవిన పడకూడదన్నాడు. నేను చెప్పనన్నాను. మీరు నమ్మరు, నిజంగానే చెప్పలేదు. దుకాణంలో కూడా నోరు మూసుకున్నాను.

తర్వాత ఆయన గ్లాసు ముట్టడం మానేశాడు. అయిదు కాగానే రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని పెరట్లో తిరిగేవాడు. జేబుల్లో వేళ్లు కదులుతూ ఉండేవి. ఒకరోజు లెక్క కూడా వినబడింది. ఒకటి, రెండు అని. మూడు అనకుండా పళ్లు బిగబట్టాడు. ఈయనకి కొత్తగా ఈ షికార్లేమిటని అత్తయ్య నన్ను అడిగింది. అరుగుదల కోసమట అని చెప్పాను.

వేసవి ముందు అత్తయ్యకి గుండెలో నొప్పి మొదలైంది. పరీక్షలు చేసి, ఒక రక్తనాళం బాగా మూసుకుపోయింది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. వయసు దృష్ట్యా కొంచెం ప్రమాదమే, ఏ మాటా గట్టిగా చెప్పలేం అన్నాడు డాక్టరు. వారంలో ఆపరేషన్, ఆ రోజు పొద్దున్నే ఏడింటికి ఆసుపత్రిలో ఉండాలి. మావయ్య ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు. ఆవిడ లేకుండా ఇంట్లో ఒక దీపం స్విచ్చి కూడా ఎక్కడుందో తెలియని మనిషి ఆయన. నేను ఉన్నాను కదా అంటే, నువ్వున్నావు లేమ్మా అన్నాడు గానీ ఆ గొంతులో ధైర్యం లేదు.

ముందురోజు సాయంత్రం దుకాణం నుంచి త్వరగా వచ్చాను. నేరుగా వంటింట్లోకి వెళ్లాను. అత్తయ్య బల్ల మీద అన్నీ సర్ది పెట్టింది. పొట్టి గ్లాసు, రోకలి, పంచదార బిళ్లలు, చెర్రీల సీసా, తొక్క తీయని కమలాపండు. గడియారంలో అయిదుకి రెండు నిమిషాలు తక్కువ.

"రేపటి నుంచి ఎన్నాళ్లు ఆ మందుల వాసన పీల్చాలో ఏమో" అంది ఆయనతో. "ఇవాళ ఒక్కటి చెయ్యండి. ఆ కమలాపండు వాసన పీల్చి పడుకుంటాను."

వద్దనడానికి ఏం కారణం చెబుతాడు? చెబితే ఆవిడకి అంతా చెప్పాలి, ఆపరేషన్ ముందురోజు. నేను ఏదో అడ్డం చెప్పబోయాను, కమలాపండు పుల్లగా ఉందనో ఏదో. అప్పటికే మావయ్య చేతులు జేబుల్లోంచి బయటికి వచ్చేశాయి. ఆయన కిటికీ వైపు చూడలేదు. చూడకూడదని మెడ బిగబట్టుకున్నాడు, నరాలు కనబడుతున్నాయి. చేతులు మాత్రం ఆయన మాట వినలేదు.

పంచదార బిళ్ల పడింది. చేదు చుక్కల సీసా వైపు చెయ్యి వెళ్లలేదు. లెక్క వినబడలేదు. కమలా ముక్క వేసి అదిమాడు. చెర్రీ ఒకటి వేశాడు. నేను మనసులో చాలు చాలు అనుకుంటున్నాను. రెండోది వేశాడు. ఐసు వేశాడు. బ్రాందీ సీసాని దాటి చెయ్యి సోడా అందుకుంది. అంచుకి రెండు వేళ్ల కిందిదాకా పోసి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

అత్తయ్య కిటికీ వైపున్న కుర్చీని వెనక్కి లాక్కుని కూర్చుంది.

మావయ్య ముఖంలో రక్తం లేదు. నా ముఖం ఎలా ఉందో నాకు తెలీదు. అయిపోయింది, ఇంకేం చేసినా లాభం లేదు, సింకులో పోసినా ఆగదని మా ఇద్దరికీ తెలుసు. అత్తయ్య ఒక్కతే నింపాదిగా ఉంది. గ్లాసు దగ్గరికి లాక్కుని వాసన చూసింది. మళ్లీ చూసి నవ్వింది.

"ఇదేమిటండీ, అసలు సంగతే మర్చిపోయారు. బ్రాందీ ఏది? నాకు ఆపరేషన్ అయితే మీకు మతిపోయినట్టుందే."

అలా అంటూనే లేచి సీసా మూత తీసి సోడా మీద పోసింది. ఏది ముందు పొయ్యాలో ఏది తర్వాత పొయ్యాలో ఆవిడకి తెలీదు. ఏ బారు మనిషీ చెయ్యని పని. గ్లాసు అంచుదాకా వచ్చింది. బ్రాందీ సోడాలోకి సన్నగా దారంలాగా దిగడం నాకు కనబడింది.

అప్పటికి నాకు అర్థమైంది. చుక్కలు లేవు. చెర్రీలు రెండు. సోడా మీద బ్రాందీ. ఇప్పుడది అత్తయ్య గ్లాసు కాదు. అది ఎవరిదో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండోది నేను.

నేను నోరు తెరిచాను. మావయ్య నా వైపు చూశాడు. అంత ప్రశాంతంగా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. తల అడ్డంగా ఊపాడు, కొంచెంగా, అత్తయ్యకి కనబడకుండా. నేను నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానని నన్ను అడగకండి. ఆ క్షణంలో నాకు అత్తయ్య బతకాలనిపించింది. ఆయన పోవాలని కాదు. ఆవిడ బతకాలని.

మావయ్య ఆ కుర్చీలో కూర్చున్నాడు. గ్లాసు అందుకుని గుక్క గుక్కగా, తొందర లేకుండా, చివరిదాకా తాగాడు. మీరు తాగుతారని నాకు తెలీదే అంది అత్తయ్య, నోరు వెళ్లబెట్టి. అడుగున మిగిలిన రెండు చెర్రీలనీ చెంచాతో తీసి ఆవిడకి ఇచ్చాడు.

"బాగా కుదిరింది" అన్నాడు. "నీ చెయ్యి మంచిది."

ఆవిడ చెర్రీలు తిని నవ్వింది.

మర్నాడు ఏడింటికి అత్తయ్యని లోపలికి తీసుకెళ్లారు. మేమిద్దరం వరండాలో గోడవారగా కుర్చీల్లో కూర్చున్నాం. మావయ్య ఒకసారి వంటింటి దీపం స్విచ్చి ఎక్కడుంటుందని అడిగాడు. తలుపు పక్కనే, కుడివైపు అని చెప్పాను. అలాగా, ఇన్నాళ్లూ చూడనే లేదు అన్నాడు. పదకొండు దాటాక డాక్టరు బయటికి వచ్చి, అనుకున్నదానికన్నా తేలిగ్గా అయిపోయింది, ఇక భయం లేదన్నాడు. నేను చెబుదామని మావయ్య వైపు తిరిగాను. కళ్లు మూసుకుని ఉన్నాడు. తల గోడకి ఆనుకుని ఉంది. ఒళ్లో కుడిచెయ్యి సగం ముడుచుకుని ఉంది, రోకలి పట్టుకున్నట్టు.

ఆసుపత్రిలోనే ఉన్నా ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. వారం రోజుల ఆదుర్దా, ఆ వయసులో గుండె తట్టుకోలేదన్నారు. అలాగే అయ్యుంటుంది.

ఇది జరిగి నాలుగేళ్లయింది. అత్తయ్య గట్టిగా ఉంది. మెట్లెక్కి నా గదిలోకి వచ్చి నేను గది ఊడవలేదని తిడుతుంది. బల్ల దగ్గర కుర్చీలు ఎప్పుడూ వాటి చోట్లోనే ఉంటున్నాయి. రోజూ దుకాణం నుంచి రాగానే నేను ముందు చూసేది అదే. పొట్టి గ్లాసుని ఆవిడ కిటికీలో బోర్లించి ఉంచింది, ఎవర్నీ ముట్టనివ్వదు. అయిదింటికి అక్కడ కూర్చుని ఒక కమలాపండు ఒలుస్తుంది, ఆ వాసన కోసం.

నెలకో రెండు నెలలకో ఒకసారి, ఒలుస్తూ ఒలుస్తూ ఆగి, అదే మాట అడుగుతుంది.

"ఆ రోజు బ్రాందీ నేను ఎక్కువ పోశానంటావా? అలవాటు లేని మనిషి. అదే ఆయన ప్రాణం మీదికి తెచ్చిందేమో."

నా నోట్లో నువ్వుగింజ నానదని చెప్పాను కదా. ఈ ఒక్క గింజా నాలుగేళ్లుగా నానుతోంది.

"లేదత్తయ్యా" అంటాను. "నువ్వు సరిగ్గానే పోశావు. ఆయనకి అలాగే ఇష్టం."