మా అవ్వను ఒప్పుకోని ఫారం

ఆ రోజుల్లో చేవెళ్ల నుంచి సిటీకి పోయే బస్సెక్కితే, పక్క సీటు కుర్రాడి చేతిలో తప్పకుండా ఒక లావుపాటి కంప్యూటర్ పుస్తకం ఉండేది. నా చేతిలోనూ ఉండేది. తేడా ఏమిటంటే అతను చదివేవాడు, నేను అట్ట నలుగురికీ కనపడేలా పట్టుకునేవాణ్ణి. అమీర్‌పేటలో మూడు నెలలు నేర్చుకున్న మొత్తం విద్యలో నా మనసుకు పట్టింది ఒక్కటే: వెబ్ పేజీలో ఫారం నింపేవాడు తప్పు రాస్తే అక్కడికక్కడే ఆపేయడం. ఠంగుమని చప్పుడు, తెర నడుమ ఓ చిన్న పెట్టె, అందులో ఒక తిట్టు, కింద ‘ఓకే’ అనే ఒకే ఒక్క బటన్. (కాదనడానికి బటనే ఉండదు. మా ఇంట్లో నా మాటకు ఏనాడూ దక్కని మర్యాద అది.)

మా బాపు (నాన్న) మాత్రం గడువు పెట్టేశాడు. “జూన్ల నౌకరి దొరికితే సరే, లేకుంటె టమాట నారు పెట్టనీకె రా,” అన్నాడు. సరిగ్గా అప్పుడే మొయినాబాద్‌లో కొత్తగా బడి పెట్టిన కరస్పాండెంట్ సారు, అడ్మిషన్లు కంప్యూటర్లో చేస్తే పేరొస్తుందని నన్ను ఫారం తయారు చేయమన్నాడు. మొదటి రోజు అది సక్రమంగా నడిస్తే కంప్యూటర్ సారు ఉద్యోగం నాదే. ఇక నేను ఊరుకుంటానా? గడిగడికీ కాపలా పెట్టాను. పేరులో అంకె పడితే ఠంగు. పిన్‌కోడ్ రాయకపోతే ఠంగు. వీటన్నిటినీ మించింది ఇంకొకటి: తల్లి తన పెద్ద బిడ్డకంటే కనీసం పద్దెనిమిదేళ్లు పెద్దదై ఉండాలి. వయసులు నోటిమాటగా కాకుండా కాగితంలో ఉన్నవే ఎక్కించాలని సారుకు సలహా ఇచ్చిన మేధావిని కూడా నేనే.

శకునం బాగుంటుందని మొదటి అడ్మిషన్ మా చెల్లెకే పెట్టించాను. అవ్వ (మా దిక్కు అమ్మను అట్లే పిలుస్తాం) పెట్టెలోని చీర కట్టుకుని, రేషన్ కార్డు సంచిలో పెట్టుకుని వచ్చింది. వెనకాల కనకమామిడి నుంచి, ఎంకపల్లి నుంచి వచ్చిన తల్లిదండ్రులు నిలబడ్డారు. సారు స్వయంగా కీబోర్డు ముందు కూర్చున్నాడు. పెద్ద బిడ్డ వయసు నాది, నా పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం ఇరవైరెండు. తల్లి వయసు రేషన్ కార్డు చూసి ఇరవైతొమ్మిది అని కొట్టాడు. ఠంగు! (కార్డు పన్నెండేళ్ల కిందటిది. అప్పటి నుంచి కాగితం మీద అవ్వకు ఒక్క ఏడు కూడా పెరగలేదు.)

“ఇన్‌వ్యాలిడ్ మదర్,” అని సారు గట్టిగా చదివాడు.

“అంటె ఏంది సారూ?” అంది అవ్వ.

సారు గొంతు సవరించుకుని, “చెల్లని తల్లి అంటున్నదమ్మా,” అన్నాడు.

అవ్వ కంప్యూటర్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. “ఎవరు రాసిన్రు గిది?”

“నేనే అవ్వా.”

“తొమ్మిది నెలలు మోసి, రెండు దినాలు నొప్పులు పడి నిన్ను కంటె, నేను చెల్లనా? నాకు పురుడు పోసిన ముసలామె ఎంకపల్లిల ఇంక గట్టిగనే ఉన్నది. పిలిపియ్యాల్నా? గా డబ్బ ముంగట సాక్ష్యం చెప్తది!”

సారు కంగారుగా ఓకే నొక్కాడు. నా అసలు పాండిత్యం అప్పుడు బయటపడింది. తల్లి వయసు గడి ఠంగుమని కర్సర్‌ను పెద్ద బిడ్డ గడిలోకి తోసేది. ఆ గడి కూడా ఠంగుమని తల్లి గడిలోకే తిరగ్గొట్టేది. వయసు దిద్దుదామన్నా ఒక్క అంకె కొట్టే సందు లేదు. సారు నొక్కిన కొద్దీ పెట్టె వస్తూనే ఉంది. నాకు టమాట నారు కళ్ల ముందు కనపడింది. “ఇది నీ కన్నబిడ్డనే కొడకా, ఎంత చెప్పినా ఇనదు,” అంది అవ్వ. చివరికి సారు ప్లగ్గు పీకేశాడు.

గొడవ చల్లారాక అవ్వే, “కాగితం తియ్యుండ్రి సారూ, నేను చెప్త,” అంది. చేవెళ్ల మార్కెట్లో కూరగాయలు అమ్మీ అమ్మీ ఆమెకు తెలియని ఇల్లు లేదు. “నీ పిలగాడు బాయి కూలిన ఏడు పుట్టిండు గద వదినా? అక్కా, నీ బిడ్డ ఈమె పిలగానికంటె రెండు నెలలు చిన్నది.” తల్లులు అవునవునన్నారు, సారు రాసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా అడ్మిషన్లు పూర్తయ్యాయి. నేను ఆ పీకేసిన ప్లగ్గు పట్టుకుని ఒక మూల నిలబడి ఉన్నాను. వెళ్లేటప్పుడు సారు, “నౌకరి నీకే ఇస్త. కాని గా ఠంగులన్ని తీసెయ్. అనుమానమొస్తె మీ అవ్వనడుగు,” అన్నాడు. సిగ్గుతో పాటు ఏడుపొచ్చేంత సంతోషమూ కలిగింది.

ఇప్పుడు నేను సిటీ ఆఫీసులో ఇతరుల ఫారాల్లో తప్పులు పట్టే పెద్దమనిషిని. ఏటా జూన్‌లో ఆఫీసువాళ్లు నా పుట్టినరోజని కేకు కోస్తారు. (చిన్నప్పుడు నన్ను బళ్లో చేర్చిన రోజు హెడ్మాస్టరు తనకు తోచినట్టు రాసిన తేదీ అది.) ఆ సాయంత్రం అవ్వ తప్పకుండా ఫోన్ చేస్తుంది. “నువ్వు పుట్టింది జొన్నలు కోసే దినాలల్ల రా. జూన్ల జొన్న ఎవడు కోస్తడు? ఎవరు రాసిన్రు గది?” అని గద్దిస్తుంది. ఇన్నేళ్లు ఇన్ని ఫారాలు రాసినా, ఆ ప్రశ్న ముందు నాకున్న బటన్ ఒక్కటే. ఓకే అవ్వా, అంటాను.