గుమ్మం ముందు ముగ్గు

క్రిస్మసు పండుగ ఎప్పుడూ ధనుర్మాసంలోనే వస్తుంది. కొత్తగా తవ్విన కాలువ పక్కనున్న మా ఊళ్లో ఆ నెలంతా ప్రతి వాకిలీ ముగ్గుతో తెల్లబడుతుంది. ఒక్క మా వాకిలే బోడిగా ఉండేది. బాప్తిస్మం పుచ్చుకున్నాక ముగ్గు మానేయమని, మా చిన్న సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి గారు అన్నారు. మా వైపు ముగ్గు మానేది శవం లేచిన ఇంట్లోనే. రోజూ పొద్దున్నే చీపురు పట్టుకుని ఆ ఖాళీ నేల చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. పండగపూట ఇల్లు అలా ఉండాలా?

అమ్మ ఉండేది పక్క వీధిలోనే. మేము మతం పుచ్చుకున్న రోజున తన కూతురు చచ్చిపోయిందని కాలువలో మైలస్నానం చేసింది. అప్పటినుంచి రేవులో ఎదురుపడినా బిందె ఎత్తుకుని ముఖం తిప్పుకు పోయేది. ఆవిడకి పంతం ఎక్కువ. నాకు తక్కువా? ఆవిడ కడుపునే పుట్టాను. ఉపదేశి గారు శాంతి గురించి చెబుతుంటే లోపల కుతకుత ఉడికేదాన్ని. పశువుల పాకలో పుట్టిన ఆ బిడ్డ దేవుడికీ మనిషికీ మధ్య ఉన్న పగ తుడిచేశాడట. సంతోషమే. మరి మా అమ్మకీ నాకూ మధ్య ఉన్నదో? కళ్లు మూసుకుంటే ప్రార్థన రాదు, తిప్పుకున్న ఆ ముఖమే వస్తుంది.

ఆ ఏడు పండగ ప్రార్థన మా ఇంట్లో పెట్టుకున్నాం. తెల్లవారి తలుపు తీసేసరికి వాకిలి నిండా ముగ్గు. ఇంత పెద్ద పద్మం, ఒక్క గీతా వంకర లేదు. అలా వేసే చెయ్యి ఊళ్లో ఒక్కటే. అరుగు చివర అమ్మ కూర్చుని ఉంది, వేళ్లకి పిండి. నాకేసి చూడలేదు.

ఇంతలో సంఘం వచ్చింది. ఉపదేశి గారు ముగ్గు ముందు ఆగిపోయారు.

"ఏంటమ్మా ఇది? మానేశామన్నారు కదా. నీళ్లు పోసి కడిగెయ్యండి."

మా ఆయన బిందె అందుకోబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను.

"పొయ్యండి చూద్దాం. ముందు నా నెత్తిన పొయ్యాలి."

పండగపూట ఆ నోటి దురుసేమిటని వెనక ఎవరో గొణిగారు. అప్పుడు అమ్మ లేచింది.

"శవం లేచిన ఇంటికే ముగ్గు మానతామండి మేం," అంది ఉపదేశి గారితో. "నా కూతురు బతికే ఉందండి."

ఆయన ముగ్గు చెరగకుండా గోడవారగా దొడ్డిదారి వైపు నడిచారు. జనమూ ఆయన వెంట కదిలారు.

"అటెందుకండీ?" అంది అమ్మ. "తొక్కుతారని తెలిసే వేస్తామండి ముగ్గు. గుమ్మంలోంచే రండి."

మా ఇంటికి వచ్చినవాళ్లందరినీ అలా మా అమ్మే లోపలికి పిలిచింది. తను మాత్రం గడప దాటలేదు. చెయ్యి పట్టుకు లాగితే విడిపించుకుంది.

"లోపలికి పోవే, నీకోసం చూస్తున్నారు."

మైలస్నానం చేశాక అమ్మ నాతో ఆడిన మొదటి మాట అది. లోపల పాట అందుకున్నారు. ఆవిడ ఎక్కడ లేచి వెళ్లిపోతుందోనని గడప దగ్గరే నిలబడి చూస్తూ ఉండిపోయాను.