గంగమ్మకు దణ్ణం పెట్టినావా

పోయిన కార్తీకంలో రెండో సోమవారం, పొద్దున ఏడున్నరకు జువ్వలదిన్నె హార్బరు బస్టాపులో జరిగింది ఇది. ముందురాత్రి హార్బరు మొగలో, బోట్లు లోపలికొచ్చే దారిలో, ఒక బోటు మునిగి అడ్డంగా పడింది. నీళ్ల కింద ఉంది కాబట్టి పైకి కనపడదు. రాత్రంతా వేటలో ఉన్న మా తమ్ముడు పోలయ్య తన బోటును నేరుగా దానిమీదికే తెస్తా ఉన్నాడు. నేను చేతి వైర్‌లెస్ సెట్టులో గొంతు చించుకుంటా ఉంటే, "ఏందక్కా? గరగర తప్ప ఏం వినబడలా!" అంటాడు.

బస్సు కోసం కూర్చున్న ఒక అమ్మాయి లేచి వచ్చింది.

"అరవబాక పెద్దమ్మా. నీ మాట నేరుగా ఒకసారి, ఆ రేకుల షెడ్డుకు తగిలి ఇంకోసారి పోయి కలగాపులగం అవుతా ఉంది. ముందు ఆయనకు బాగా తెలిసిన మాట చెప్పు. అదెట్లా వంకరపోయిందో ఆయన చెవికి తెలిస్తే, మిగతా మాటల్ని అదే సరిచేసుకుంటుంది. సెల్‌ఫోన్లూ ఇట్లానే చేస్తాయి. నేను చదివేది అదే."

వాడు వేటకు పోయే ప్రతిరోజూ అడిగేదే అడిగినా. "ఒరే పోలిగా, గంగమ్మకు దణ్ణం పెట్టినావా?" మళ్లీ మళ్లీ అదే అడిగినా.

"పెట్టినాలే అక్కా!" అని నవ్వినాడు.

"అయితే దక్షిణం పక్కగా రారా! మొగలో బోటు మునిగుంది!"

బోటు తిరిగింది. బస్టాపంతా ఈలలే ఈలలు.

యాభై దాటినాక నాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ కూడా ముందు నాకు బాగా తెలిసిన నా పేరే చదివించింది.

ఆ పొద్దు ఉన్నది నేను, టీకొట్టు సుబ్బమ్మ, ఆటో మస్తాను, సెట్టులో మా పోలయ్య, పేరు అడిగేలోపలే బస్సెక్కేసిన ఆ అమ్మాయి.