తాళం బయటున్న గది

కొత్తగా హైదరాబాదు వచ్చినప్పుడు, శేరిలింగంపల్లి దాటాక పాత బొంబాయి రోడ్డు పక్కన ఒక లాడ్జిలో రెండు నెలలున్నాం. అక్కడి కాపలా తాత ఖాళీ గదిని కూడా తలుపు తట్టకుండా తెరిచేవాడు కాదు.

"తాళం బయటే ఉంది కదండీ?" అన్నానొకసారి.

"తాళం మనదమ్మా. గది ఉన్నోళ్లది."

నా పూజ పూర్తయ్యేదాకా నీళ్ల బిందెతో గుమ్మం బయటే నిలబడేవాడు. అలాంటి మనిషిని చూపినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

మరుసటి ఏడాది రోడ్డు వెడల్పు చేస్తూ లాడ్జి కూలుస్తున్నారంటే, ఆయన్ని చూద్దామని వెళ్లాను. బుల్డోజరు ఆగి ఉంది. ఆయన ఒక్కో గదీ తట్టి, కాసేపు ఆగి, తెరుస్తున్నాడు.

"ఏంది తాతా, దయ్యాలకు గిట్ల నోటీసిస్తున్నవా?" డ్రైవరు నవ్వాడు.

"లోపల మనిషుంటే పాపం ఎవరికి బిడ్డా?"

చివరిది మేమున్న గది.

"అమ్మా, పూజ అయిందా?"

నేను వెనకే ఉన్నాను. "తాతగారూ, నేనిక్కడున్నానండీ."

ఆయన తిరిగి చూడలేదు. "జర ఆగుండ్రి. హారతిస్తున్నది."

కాసేపటికి తాళం తీశాడు. గదిలో ఎవరూ లేరు. కర్పూరం వాసన మాత్రం వేడిగా ముఖానికి తగిలింది.

ఇప్పటికీ హారతి అయ్యాక తలుపు వైపు తిరిగి, గట్టిగా "అయిందండీ" అంటాను.