రోడ్డు మీది ఉలవ కట్టె

మా నాయన కొన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మా షెడ్డులో ఇరవై రెండేళ్లు కదలకుండా ఉంది. లెక్కలు నేను సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. టైర్ల గాలి, పెట్రోలు, బ్రేకు వేస్తే ఆగే దూరం అన్నీ కొలిచి రాసుకున్నాకే, పోయిన ఏడాది దాన్ని బాగుచేసిన మెకానిక్ మస్తాన్ అన్నతో కలిసి అందులో గోరంట్ల దారి పట్టాను.

నాలుగో కిలోమీటరు దగ్గర రోడ్డంతా ఉలవ కట్టె, అంటే కాయలతో సహా పీకి ఎండబెట్టిన ఉలవ మొక్కలు, పరిచి ఉంది. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని మా వైపు అలా పరుస్తారు. బస్సులూ లారీలూ పోతున్నాయి కదా అని నేనూ పోనిచ్చాను. కారు కింద బరబరమని చప్పుడు మొదలైంది.

"ఏమప్పా, కాలిన వాసన వస్తాండాది?" అన్నాడు మస్తాన్ అన్న.

కాళ్ల కింద రేకు వేడెక్కింది. ముందు నుంచి పొగ లేచింది. కారు ఆపి తోస్తే పాత తలుపులు రెండూ బిగుసుకుపోయాయి. ట్యాంకులో పద్దెనిమిది లీటర్ల పెట్రోలు ఉందని నాకు తెలుసు.

కట్టె తిరగేస్తున్న ఒకావిడ పరుగున వచ్చి బయటి నుంచి తలుపు గట్టిగా లాగి తెరిచింది. "దిగండప్పా బిరీన! నేలకానుకోని ఉండే కారును లారీ అనుకున్యారా?" అని అరిచింది. ఆమె మనుషులు మన్ను పోసి మంట ఆర్పారు. వేడి పొగగొట్టానికి కట్టె చుట్టుకుని అంటుకుందట.

పొగగొట్టానికీ రోడ్డుకీ మధ్య ఎత్తు ఆ తర్వాతే కొలిచాను. నాలుగు అంగుళాలు. ఆవిడ రాకపోయుంటే ఆ కొలత తీసుకోవడానికి నేను ఉండేవాణ్ణి కాదు.