ఎర్రమూత సిరంజీ, పది గీతలు

మా ఇంట్లో సూది వేసే పని నాది. నాయనకు చక్కెర జబ్బు వచ్చినప్పటి నుంచి, పొద్దున మగ్గాలు మొదలుకాకముందే ఫ్రిజ్ తలుపులోంచి ఇన్సులిన్ సీసా తీసి, ఎర్రమూత సిరంజీలోకి లాగి, ఆయన పొట్ట మీద చర్మం పట్టుకుని వేసేదాన్ని. కాబట్టి పోయిన ఏడాది అమ్మ తిరుపతి నుంచి బరువు తగ్గే మందు తెచ్చుకున్నప్పుడు, దాన్నీ నేనే వేస్తానన్నాను. ఆ మాట అన్నది నేనేనని ముందే రాస్తున్నాను. తరువాత జరిగిన వాదమంతా దాని చుట్టూనే తిరిగింది.

మాది నగరి. ఇంటి వెనక రేకుల కొట్టంలో నాలుగు పవర్‌లూములు. అమ్మ పొద్దంతా వాటి మధ్య నిలబడాలి. మోకాళ్లు అరిగిపోయాయి. బరువు తగ్గితేగాని ఆపరేషన్ మాట ఎత్తనని ఎముకల డాక్టరు తేల్చి చెప్పాడు. మా మేనత్తకు మాత్రం ఇదంతా వేళాకోళం.

"రెండు ముద్దలు తగ్గించుకుంటే సరిపోతాది గదా వదినా, సూదులెందుకు?"

"నా ముద్దలు నువ్వు లెక్కబెట్టొద్దులే. మగ్గం కాడ ఒక పూట నిలబడు, తెలస్తాది," అనేది అమ్మ.

ఆ మాటలు పడలేకే అమ్మ ఎవరికీ చెప్పకుండా తిరుపతిలో ఒక క్లినిక్కుకు వెళ్లింది. కంపెనీవాళ్లు మందు నింపి అమ్మే సూది పెన్ను ఖరీదెక్కువ, అదే మందును తామే కలిపి తక్కువకు ఇస్తామన్నారట. సీసా మీద కత్తెరతో కత్తిరించి అంటించిన కాగితం, దాని మీద మందు పేరు, "బి12తో" అన్న ముక్క. అంతే. వెంట ఇచ్చిన చీటీలో "వారానికి పది యూనిట్లు" అని ఉంది. సిరంజీ ఇవ్వలేదు. మా ఇంట్లో సిరంజీలకు కొదవలేదు కదా. నాయన డబ్బాలోంచి ఒకటి తీసి, పదో గీత దాకా లాగి, వేశాను. కాలేజీ డిబేట్లలో ఎదుటివాడి మొదటి వాక్యాన్నే నిలదీసే దాన్ని, ఆ చీటీని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మరుసటి రోజు వాంతులు మొదలయ్యాయి. రెండో రోజుకు గంజి కూడా నిలవలేదు. మూడో రోజు తెగిన పోగు ముడివేస్తూ అమ్మ మగ్గం పక్కనే కూలబడింది. పైట చెంగు బెల్టుకు జానెడు దూరంలో ఉండగా నాయన కరెంటు ఆపాడు.

పుత్తూరులో ఆసుపత్రిలో సెలైన్ పెట్టించాక, డాక్టరమ్మ ఆ సీసా, చీటీ, సిరంజీ మూడూ తెప్పించింది. ఎర్రమూత సిరంజీ పక్కన నారింజ మూతది ఒకటి పెట్టి చూపించింది. మొదటి దాంట్లో మిల్లీలీటరుకు నలభై గీతలు, రెండో దాంట్లో నూరు. చీటీ రాసినవాళ్ల మనసులో ఉన్నది రెండోది. నేను వాడింది మొదటిది. పది గీతలే అయినా లోపలికి పోయింది రెండున్నర రెట్లు.

"యూనిట్టనేది ఇన్సులిన్ కొలత. ఈ మందుకు మిల్లీగ్రాములు చెప్పాల. మిల్లీలీటర్లో ఎన్ని మిల్లీగ్రాములు కలిపినారో ఈడ రాయనే లేదు. రెండున్నర రెట్లంటే, దేనికి రెండున్నర రెట్లని చెప్పేది?" అంది డాక్టరమ్మ.

అమ్మ కోలుకునే వారమంతా నేను చదివాను, తెలిసిన ఫార్మసిస్టును విసిగించాను. మందు కలపడం తప్పు కాదని తెలుసుకున్నాను. మాత్ర మింగలేని పసిబిడ్డకు దాన్నే ద్రవంగా చేసి ఇవ్వడం, ఒక పదార్థం పడని రోగికి అది లేకుండా తయారుచేయడం పాతకాలం నుంచీ ఉన్న విద్యే. అయితే అది ఒక్క రోగి కోసం, ఆ రోగిని చూసిన డాక్టరు చీటీ మీద జరగాలి. కంపెనీ మందుకు జరిగే పరీక్షలు ఇలా కలిపిన సీసాకు జరగవు. కాబట్టి కలిపిన మనిషి ఎవరో, ఎంత కలిపాడో, ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పగలగడమే రోగికున్న రక్షణ. మా సీసా అమ్మ కోసం కలిపింది కాదు. క్లినిక్కు హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ అదే సీసా, అదే పది అని అమ్మ చెప్పింది.

ఆ సంగతి అడగడానికి వెళ్తుంటే అమ్మ కూడా బయలుదేరింది. క్లినిక్కులో బల్ల వెనక కూర్చున్నాయన అంతా విని నవ్వాడు.

"సిరంజీ మీదే గదా పాపా? ఎర్రమూతది వాడమని మేమేమన్నా చెప్పినామా?"

"నారింజ మూతది వాడమని చెప్పినారా?"

"అది అందురికీ తెలిసిందే."

"నాకు తెలీదు. నా తప్పు నేను ఒప్పుకుంటాను. ఇప్పుడు మీరు చెప్పండి. ఇది కలిపింది ఎవరు? ఎప్పుడు? ఎన్ని మిల్లీగ్రాములు?"

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాను. మీరు?"

వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నన్ను వదిలి అమ్మ వైపు తిరిగాడు. "ఏమమ్మా, పెద్దదానివి, బిడ్డకు బుద్ధి చెప్పరాదా? ఆ సీసా ఈడ పెట్టేసి పో. కొత్తదిస్తా, సిరంజీలు కూడా ఊరికే ఇస్తా."

పెద్దవాళ్లకు ఎదురు మాట్లాడితే అమ్మ నా మోచేతి దగ్గర గిల్లుతుంది. ఆ గిల్లుడు కోసం ఎదురుచూశాను. రాలేదు. మగ్గాల మోత మీద మాట్లాడి అలవాటైన గొంతు అమ్మది. హాలంతా వినబడింది.

"అబ్బా, మేము నూలు కొంటాము. పోగు ఎంత సన్నమో చెప్పే కౌంటు కట్ట మీద రాసుంటాది, ఏ మిల్లుదో రాసుంటాది. రాయని కట్టను మా ఇంట్లో మగ్గానికి ఎక్కియ్యము, గుడ్డ చెడిపోతాదని. ఇది నా ఒంట్లోకి పోయిన మందు గదప్పా. దీని కౌంటెంత?"

బెంచీ మీది ఒకామె సంచిలోంచి తన సీసా తీసి, కాగితాన్ని వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూసింది. అమ్మ మా సీసాను కొంగులో మూటకట్టుకుంది.

మందుల తనిఖీ అధికారికి అర్జీ నేను రాశాను. మొదటి వాక్యం: "ఈ మందును తప్పు సిరంజీతో ఎక్కించింది నేను."

నాయన చదివి తల పట్టుకున్నాడు. "నీ తప్పు నువ్వే రాసిస్తే వాళ్లకు బలం గదమ్మా!"

"నేను రాయకపోతే వాళ్లు రాస్తారు నాయనా. అప్పుడు మన ప్రశ్న దాని కింద పడిపోతుంది."

అమ్మ కింద సంతకం చేసింది. సీసా ఆ ఆఫీసుకు చేరింది, ఫలితం ఇంకా రాలేదు. అమ్మ బరువూ పెద్దగా తగ్గలేదు. పుత్తూరు డాక్టరమ్మ చెప్పినట్టు కంపెనీ మందునే చిన్న మోతాదు నుంచి మొదలుపెట్టింది, ఈసారి మిల్లీగ్రాముల్లో. మగ్గాల మధ్య ఇప్పుడు ఒక ఎత్తు స్టూలు ఉంది.

పోయిన నెల క్లినిక్కు నుంచి ఒక మనిషి ఇంటికి వచ్చాడు. అర్జీ వెనక్కి తీసుకుంటే మంచిదని, ఆడవాళ్లకు ఆఫీసుల చుట్టూ తిరగడం ఎందుకని, కొట్టం గుమ్మంలో నిలబడి మర్యాదగానే మొదలుపెట్టాడు. అమ్మ స్టూలు మీద నుంచి లేవలేదు.

"దాని కౌంటు చెప్పమన్నాను. చెప్పినారా?"

"అది గాదమ్మా, నేను చెప్పేది..."

అమ్మ చేయి చాచి మగ్గం స్విచ్చి వేసింది. తరువాత ఆయన పెదవులు కదలడం మాత్రమే మాకు కనిపించింది.